క్రూజ్ ధర ఒక్కసారి చూసి వదిలేసే అంకె కాదు

క్రూజ్ అంటే షిప్ మీద విహారయాత్ర. దాని ప్రకటనలో పెద్ద అక్షరాల్లో ఉన్న ధర చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. ఏడు రాత్రులు ఉండటానికి గది, పూటపూటా భోజనం, సాయంత్రాలు షోలు, మధ్యలో మూడు నాలుగు ఊళ్లు, ఇన్నీ కలిపి వారం రోజుల హోటల్ అద్దె అంత కూడా లేదే అనిపిస్తుంది. తీరా వెళ్లొచ్చాక కార్డు బిల్లు చూసుకుంటే మొదట చూసిన అంకె రెట్టింపు దాటి ఉంటుంది. ఇందులో ఎవరూ అబద్ధం చెప్పలేదు. ప్రకటనలో ఉన్నది షిప్ ఎక్కడానికి ధర, మనం చివరికి కట్టింది సెలవు మొత్తానికి అయిన ఖర్చు. రెండూ వేర్వేరు.

సెలవుల ఖర్చు ఏటికేడాది పెరుగుతుంటే చవకైన క్రూజ్ ఎలా పట్టుకోవాలి అని అడిగినవాళ్లకి ఎక్కువమంది చెప్పేది "ఆఫర్ కోసం ఆగండి" అని. నాకు ఆ సలహా మీద నమ్మకం పోయింది. ఆఫర్ ఏడాది పొడవునా ఏదో ఒక పేరుతో నడుస్తూనే ఉంటుంది, సగానికి సగం తగ్గించామని రాస్తారు, కానీ దేనిలో సగం అన్నది వాళ్ల చేతిలోనే ఉంటుంది. కాబట్టి తగ్గింపు శాతాన్ని పక్కన పెట్టి, ఈ ధర ఎలా తయారవుతుంది, ఎప్పుడు కదులుతుంది, ఎప్పుడు కదలడం ఆగిపోతుంది అన్నది ముందు అర్థం చేసుకుందాం. అది తెలిస్తే చవకైనది దానంతటదే కనిపిస్తుంది.

ఖాళీ క్యాబిన్ లెక్క

షిప్ రేవు దాటిన క్షణం నుంచి ఖాళీగా ఉన్న క్యాబిన్ విలువ సున్నా. దాన్ని రేపు అమ్ముకోలేరు. విమానంలో ఖాళీ సీటుకీ ఇదే కష్టం, అందుకే రెండు చోట్లా ధర పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి అవుతుంది. కానీ షిప్ కంపెనీకి ఇంకో లెక్క కూడా ఉంది. ప్రయాణికుడు ఎక్కాక లోపల పెట్టే ఖర్చు, అంటే డ్రింక్స్, వై-ఫై, క్యాసినో, స్పా, స్పెషల్ రెస్టారెంట్లు, ఊళ్లలో టూర్లు, ఇవన్నీ కలిపితే పెద్ద కంపెనీల ఆదాయంలో దాదాపు మూడో వంతు ఉంటుంది. అంటే క్యాబిన్‌ని చవగ్గా ఇచ్చినా సరే, మనిషి ఎక్కితే చాలు అన్నది వాళ్ల ఆలోచన. అందుకే షిప్‌లు ఎలాగైనా నిండుగానే బయల్దేరాలని చూస్తారు.

ఈ నిండుదనాన్ని కొలిచే పద్ధతి కూడా తెలుసుకోదగ్గది. క్యాబిన్‌కి ఇద్దరు చొప్పున లెక్కేసి దాన్ని నూరు శాతం అంటారు. మూడో మనిషి, నాలుగో మనిషి ఉన్న క్యాబిన్లు కూడా ఉంటాయి కాబట్టి కంపెనీలు నూరు శాతం దాటి నిండామని ప్రకటిస్తుంటాయి. 2024 జనవరిలో మయామి నుంచి మొదలైన ఐకాన్ ఆఫ్ ద సీస్ అనే షిప్‌లో ఇద్దరు చొప్పున అయితే 5,610 మంది, అన్ని పడకలూ నిండితే 7,600 మంది పడతారు. ఆ తేడా చూస్తే పిల్లలున్న కుటుంబాల కోసం కంపెనీలు ఎందుకంత తాపత్రయపడతాయో అర్థమవుతుంది.

ప్రకటనలో "ఒక్కొక్కరికి" అని రాసే ధర కూడా ఈ ఇద్దరి లెక్కలోనిదే. ఒక్కరే వెళ్తే ఆ ధరకి క్యాబిన్ రాదు, చాలా సందర్భాల్లో ఇద్దరి డబ్బూ ఒక్కరే కట్టాలి. ఒంటరిగా వెళ్లేవాళ్లకి ఇది నిజంగా అన్యాయంగా అనిపిస్తుంది, నాకూ అలాగే అనిపిస్తుంది. 2010లో వచ్చిన నార్వీజియన్ ఎపిక్ అనే షిప్‌లో ఒక్కరి కోసమే వందకి పైగా స్టూడియో క్యాబిన్లు కట్టారు, ఆ తర్వాత మరికొన్ని కంపెనీలూ అలాంటివి పెట్టాయి. కానీ అవి కొద్దిగానే ఉంటాయి, ముందే అయిపోతాయి, ఒక్కోసారి మామూలు ఇన్‌సైడ్ (కిటికీ లేని) క్యాబిన్‌కి ఇద్దరి డబ్బు కట్టినా స్టూడియో కంటే తక్కువకే వస్తుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూడకుండా బుక్ చేయకండి.

ఇప్పుడు ఎందుకు ఇంత ప్రియమయ్యాయి

2020 మార్చిలో అమెరికా ఆరోగ్య శాఖ షిప్‌లు కదలకూడదని ఉత్తర్వు ఇచ్చింది. మళ్లీ అమెరికా రేవు నుంచి టికెట్ కొన్న ప్రయాణికులతో పెద్ద షిప్ బయల్దేరింది 2021 జూన్ 26న, ఫోర్ట్ లాడర్‌డేల్ నుంచి, దాని పేరు సెలబ్రిటీ ఎడ్జ్. అంటే ఏడాది మీద మూడు నెలలు దాదాపు ఆదాయమే లేకుండా అంత పెద్ద షిప్‌లని పోషించారు, అప్పుల మీద అప్పులు చేశారు. ఆ అప్పు తీర్చే భారం ఎంతోకొంత మన టికెట్ మీద పడకుండా ఉండదు.

అయితే అప్పు ఒక్కటే ధర పెంచలేదు, కొనేవాళ్లు ఉంటేనే ధర నిలబడుతుంది. క్రూజ్ లైన్స్ ఇంటర్నేషనల్ అసోసియేషన్ లెక్కల ప్రకారం 2019లో ప్రపంచం మొత్తం మీద 2.97 కోట్ల మంది క్రూజ్ ప్రయాణం చేశారు, 2023లో 3.17 కోట్లు, 2024లో 3.46 కోట్లు. హోటళ్లు, రెస్టారెంట్లు, విమానాలు అన్నీ పెరిగేసరికి, అన్నీ ఒకే చోట దొరికే షిప్ చాలామందికి ఇంకా మేలే అనిపించింది. అలా మేలనిపించి అందరూ ఇటే రావడంతో ఇక్కడా ధర పెరిగింది.

పన్నులు వేరే. ఐరోపా సమాఖ్య 2024 నుంచి పెద్ద ఓడలు వదిలే కర్బనానికి డబ్బు కట్టించుకుంటోంది. గ్రీస్ 2025 వేసవి నుంచి శాంటోరిని, మైకోనోస్ దీవుల్లో దిగే క్రూజ్ ప్రయాణికుడి దగ్గర రద్దీ నెలల్లో 20 యూరోలు తీసుకుంటోంది. మెక్సికో 2025 జూలైలో తలకి 5 డాలర్లతో మొదలుపెట్టి 2028 నాటికి 21 డాలర్ల దాకా విడతలవారీగా పెంచుతామని చెప్పింది. ఇవి చిన్న మొత్తాలే. కానీ నలుగురున్న కుటుంబం, నాలుగు రేవులు అనుకుంటే తడిసి మోపెడవుతాయి.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, "చివరి నిమిషంలో కారుచౌకగా వస్తుంది" అన్న మాట వెనక ఉన్న పరిస్థితి మారిపోయింది. షిప్‌లు సగం ఖాళీగా ఉన్న రోజుల్లో అది నిజం. ముందే నిండుతున్నప్పుడు చివరికి మిగిలేవి ఎవరికీ నచ్చని నాలుగు క్యాబిన్లు, అవి కూడా ఎప్పుడూ చవక కావు.

మీ అంకె మీరే తయారు చేసుకోండి

ఒక లెక్క వేసి చూద్దాం. ఇవి నేను ఉదాహరణ కోసం అనుకున్న అంకెలు, ఏ ఒక్క షిప్‌వీ కాదు, కానీ ఖర్చు పోగయ్యే తీరు మాత్రం నిజంగా ఇలాగే ఉంటుంది.

ఇద్దరు, ఏడు రాత్రులు, మనిషికి 700 డాలర్ల టికెట్. ఇద్దరికీ 1,400. పన్నులు, పోర్ట్ ఫీజులు మనిషికి 150 అనుకుంటే 300. షిప్ సిబ్బందికని రోజూ బిల్లులో కలిపే టిప్స్, రోజుకి మనిషికి 18 చొప్పున 252. ఇక్కడికే 1,952 అయింది, ఇంకా ఇంట్లోంచి కదల్లేదు. ఒక్క ఫోన్‌కి వై-ఫై 140, రెండు ఊళ్లలో ఇద్దరికీ టూర్లు 320, రేవు ఉన్న ఊరికి విమానం ఇద్దరికీ 600, ముందు రోజు రాత్రి హోటల్ 150, ట్యాక్సీలు 60. మొత్తం 3,222. అంటే మనిషికి 1,611 డాలర్లు. 700 చూసి మొదలుపెట్టిన ప్రయాణం ఇది, పైగా ఇందులో ఒక్క డ్రింక్ కూడా లేదు.

ఇప్పుడు రెండో షిప్ చూడండి. టికెట్ మనిషికి 900, మొదటిదానికంటే 200 ఎక్కువ, ప్రకటన పక్కన ప్రకటన పెడితే దీన్ని మీరు చూడను కూడా చూడరు. కానీ ఈ రేవుకి కారులో పోవచ్చు. టికెట్లు 1,800, పన్నులు 300, టిప్స్ 252, వై-ఫై 140, టూర్లు 320, వారం రోజుల పార్కింగ్ 140. మొత్తం 2,952. ప్రియమైన టికెట్ 270 డాలర్లు చవక పడింది.

నేను చెప్పాలనుకున్నదాంట్లో సగం ఈ రెండు పేరాల్లోనే ఉంది. ఏ రెండు క్రూజ్‌లనీ టికెట్ ధరతో పోల్చకండి, గుమ్మం దాటిన దగ్గర్నుంచి మళ్లీ గుమ్మంలోకి వచ్చేదాకా అయ్యే మొత్తాన్ని మనుషులతో, రాత్రులతో భాగించి ఆ అంకెతో పోల్చండి. నాలుగు రాత్రులది ఏడు రాత్రులదానికంటే చవకగా కనిపిస్తుంది గానీ విమానం ఖర్చు నాలుగు రాత్రుల మీదే పడుతుంది కాబట్టి రాత్రి లెక్కన చూస్తే చాలాసార్లు ఎక్కువవుతుంది.

ఫీజుల విషయంలో ఒక మంచి మార్పు వచ్చింది. కాలిఫోర్నియాలో 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం ప్రభుత్వం వేసే పన్నులు, ఫీజులు మినహా తప్పనిసరిగా కట్టాల్సిన ఫీజులన్నీ ప్రకటనలో చెప్పే ధరలోనే కలపాలి. ఆ రాష్ట్రానికి ఒక ధర, మిగతావాళ్లకి ఒక ధర చూపించడం కుదరదని పెద్ద క్రూజ్ కంపెనీలు అమెరికా అంతటా పోర్ట్ ఫీజులు కలిపే చూపించడం మొదలుపెట్టాయి. అందుకని ఏ సైట్‌లో చూసినా, ఇందులో పన్నులు కలిశాయా లేదా అన్నది మొదట చూడండి. ఒకటి కలిపినది, ఇంకొకటి కలపనిది పక్కపక్కన పెట్టి పోలిస్తే లెక్క తప్పుతుంది.

టిప్స్ మాత్రం ఇంకా బయటే ఉన్నాయి. ఎక్కువగా వినిపించే పెద్ద కంపెనీల్లో మామూలు క్యాబిన్‌కి రోజుకి మనిషికి 16 నుంచి 20 డాలర్ల మధ్య ఉంటాయి, సూట్లకి, అంటే పెద్ద ఖరీదైన గదులకి ఇంకాస్త ఎక్కువ, చాలాచోట్ల పిల్లలకీ కట్టాలి. షిప్‌లో పనిచేసేవాళ్ల సంపాదనలో ఇది ముఖ్యమైన భాగం కాబట్టి దీన్ని తీసేయించుకుని డబ్బు మిగిల్చానని చెప్పుకోవడం నాకు నచ్చదు. ఇది టికెట్‌లో భాగమే అనుకుని మొదట్లోనే కలిపేసుకోండి.

డ్రింక్స్ ప్యాకేజీ దగ్గర చాలామంది చేతులు కాల్చుకుంటారు. రోజుకి ఇంత అని ధర, దాని మీద మళ్లీ 18 నుంచి 20 శాతం సర్వీస్ చార్జీ, పైగా కొన్ని కంపెనీల్లో ఒకే క్యాబిన్‌లో ఉన్న పెద్దవాళ్లలో ఒకరు కొంటే అందరూ కొనాలి. ఊళ్లో దిగి తిరిగే రోజుల్లో షిప్‌లో తాగేది తక్కువ, డబ్బు మాత్రం రోజూ పోతుంది. టికెట్‌తో పాటు డ్రింక్స్ "ఫ్రీ" అని ఇచ్చేచోట కూడా కొన్ని కంపెనీలు ఆ ఫ్రీ ప్యాకేజీకి సర్వీస్ చార్జీ వేరే తీసుకుంటాయి, బుకింగ్ చివరి పేజీలో ఆ వరుస కనిపిస్తుంది. రోజుకి ఎన్ని తాగుతారో నిజాయితీగా లెక్క పెట్టుకుని విడిగా కొంటే ఎంతవుతుందో చూడండి, చాలామందికి విడిగా కొనడమే లాభం.

బుక్ చేశాకే అసలు పని మొదలవుతుంది

ఎప్పుడు బుక్ చేయాలి అన్న ప్రశ్నకి ముందు ఫైనల్ పేమెంట్ తేదీ గురించి తెలియాలి. క్రూజ్‌కి మొదట డిపాజిట్ మాత్రమే కడతాం. మిగతాది బయల్దేరే రోజుకి సాధారణంగా 75 నుంచి 120 రోజుల ముందు కట్టాలి, కంపెనీని బట్టి, ప్రయాణం ఎన్ని రోజులన్నదాన్ని బట్టి మారుతుంది. "ఓడెక్కేదాకా ఓడ మల్లన్న, దిగాక బోడి మల్లన్న" అంటారు చూడండి, ఇక్కడ ఆ గీత ఫైనల్ పేమెంట్ దగ్గరే ఉంది. అప్పటిదాకా మీరు వదులుకుని పోగలరు, కాబట్టి మీ మాట చెల్లుతుంది. ఆ తర్వాత రద్దు చేసుకుంటే డబ్బు కోస్తారు, రోజులు దగ్గరపడేకొద్దీ కోత పెరుగుతుంది, ఆఖరి రోజుల్లో అయితే మొత్తం పోతుంది.

చాలామందికి తెలియనిది ఏంటంటే, ఉత్తర అమెరికాలో చేసే బుకింగ్‌లలో ఫైనల్ పేమెంట్‌కి ముందు ధర తగ్గితే మనకీ తగ్గించమని అడగొచ్చు. ఫోన్ చేసి అడిగితే కొత్త ధరకి మారుస్తారు, లేదా తేడాని షిప్‌లో వాడుకునే క్రెడిట్‌గా ఇస్తారు. వాళ్లంతట వాళ్లు ఫోన్ చేసి మీ ధర తగ్గింది అని చెప్పరు. ఒకసారి నేను బుక్ చేసి హమ్మయ్య అనుకుని వదిలేశాను, రెండు నెలల తర్వాత అదే క్యాబిన్ బాగా తక్కువకి వచ్చిందని షిప్‌లో పక్క టేబుల్ వాళ్లు చెప్తే తెలిసింది. అప్పటికి ఫైనల్ పేమెంట్ ఎప్పుడో అయిపోయింది, చేసేదేం లేదు. అప్పట్నుంచి వారానికోసారి ఐదు నిమిషాలు పెట్టి ధర చూడటం అలవాటు చేసుకున్నాను.

కాబట్టి నా దృష్టిలో ఎక్కువమందికి పనికొచ్చే దారి ఇది: వెళ్లాలనుకున్నది తేలగానే తొందరగా, డిపాజిట్ వాపసు వచ్చే రకం టికెట్ బుక్ చేయండి, ఫైనల్ పేమెంట్ తేదీ క్యాలెండర్‌లో రాసుకోండి, అప్పటిదాకా ధర గమనిస్తూ ఉండండి. పెరిగితే మీ ధర మీ దగ్గర భద్రంగా ఉంది, తగ్గితే అడుగుతారు. డిపాజిట్ వాపసు రాని టికెట్ కాస్త తక్కువకి వస్తుంది, తేదీల్లో ఏ అనుమానమూ లేనివాళ్లకి అదీ మంచిదే, కానీ ఆ తేడా కోసం ఈ స్వేచ్ఛని వదులుకుంటున్నామని తెలిసి తీసుకోండి. కొన్ని దేశాల్లో డిపాజిట్ ఎలాగూ వాపసు రాదు, మీరు బుక్ చేసే దేశపు నిబంధనలు చదవాల్సిందే. ఇంకొక జాగ్రత్త, కొత్త ధరకి మారినప్పుడు పాత ఆఫర్‌లో వచ్చిన క్రెడిట్, ఫ్రీ వై-ఫై లాంటివి పోవచ్చు. 60 డాలర్లు తగ్గాయని మారి 100 డాలర్ల క్రెడిట్ పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు.

జనవరి నుంచి మార్చి దాకా నడిచేదాన్ని ఈ వ్యాపారంలో వేవ్ సీజన్ అంటారు, ఏడాది బుకింగ్‌లలో పెద్ద భాగం అప్పుడే జరుగుతుంది. ఆ నెలల్లో టికెట్ ధర మరీ తగ్గకపోయినా తోడుగా ఇచ్చేవి ఎక్కువ ఉంటాయి, డిపాజిట్ తగ్గిస్తారు.

చివరి నిమిషం కొందరికి ఇప్పటికీ పనిచేస్తుంది, ఆ మాట కాదనను. రేవుకి కారులో వెళ్లగలిగి, పిల్లల బడి సెలవులతో పని లేక, ఏ షిప్ అయినా ఏ క్యాబిన్ అయినా సరే అనుకునేవాళ్లకి ఫైనల్ పేమెంట్ తేదీ దాటాక మంచి ధరలు కనిపిస్తాయి, ఎందుకంటే వదులుకున్నవాళ్ల క్యాబిన్లన్నీ అప్పుడే ఒక్కసారిగా అమ్మకానికి వస్తాయి. విమానం ఎక్కాల్సినవాళ్లకి మాత్రం టికెట్ మీద మిగిలింది విమానం మీద పోతుంది.

ఎప్పుడు, ఎటు, ఏ షిప్

ధరని అన్నిటికంటే ఎక్కువగా కదిలించేది తేదీ. పిల్లలకి బడి లేని రోజులన్నీ ప్రియమే, క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా ఉన్న వారం అన్నిటికంటే ప్రియం. అదే డిసెంబర్ మొదటి రెండు వారాల్లో, అంటే అమెరికాలో నవంబర్ చివర్లో వచ్చే థ్యాంక్స్‌గివింగ్ పండగ అయిపోయి క్రిస్మస్ ఇంకా రాని రోజుల్లో, అదే షిప్ అదే దారిలో చాలా తక్కువకి దొరుకుతుంది. జనవరిలో సంబరాలు ముగిశాక వచ్చే వారాలు కూడా అంతే. అలాస్కాకి షిప్‌లు తిరిగేది దాదాపు ఏప్రిల్ చివర్నుంచి అక్టోబర్ దాకానే, అందులో మే, సెప్టెంబర్ నెలలు చవక, చలి కాస్త ఎక్కువ.

కరీబియన్‌లో సెప్టెంబర్, అక్టోబర్ ధరలు చూసి ఆశ్చర్యపోయేవాళ్లు ఉంటారు. అట్లాంటిక్ తుపాన్ల కాలం జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా, అందులో ఆగస్టు మధ్య నుంచి అక్టోబర్ దాకా ఉధృతం. షిప్‌లు తుపానుని ముందే చూసి దారి మార్చుకుంటాయి కాబట్టి ప్రాణభయం అనుకోవద్దు, కానీ మీరు ఏ దీవి చూడాలని డబ్బు కట్టారో అది కాకుండా వేరే రేవుకి తీసుకెళ్లొచ్చు, ఆ హక్కు వాళ్లకి ఒప్పందంలోనే ఉంటుంది. తిరుగు ప్రయాణం ఒక రోజు ఆలస్యం కావచ్చు. షిప్ మీద గడపడమే ముఖ్యం అనుకునేవాళ్లకి ఇది మంచి బేరం, ఫలానా బీచ్ చూడాలనే వెళ్లేవాళ్లకి కాదు.

నాకు బాగా ఇష్టమైనది రీపొజిషనింగ్ క్రూజ్. చలికాలం కరీబియన్‌లో తిరిగిన షిప్‌లు ఏప్రిల్, మే నెలల్లో మధ్యధరా సముద్రానికి వెళ్తాయి, మళ్లీ అక్టోబర్, నవంబర్‌లలో వెనక్కి వస్తాయి. అలాస్కా సీజన్ అయ్యాక కొన్ని హవాయి వైపు, కొన్ని పనామా కాలువ మీదుగా తూర్పుకి, కొన్ని ఆస్ట్రేలియాకి సాగిపోతాయి. షిప్ ఎలాగూ వెళ్లాలి, ఖాళీగా వెళ్లే బదులు జనాన్ని ఎక్కించుకుంటారు. రెండు వారాల ప్రయాణం, వరసగా ఆరేడు రోజులు సముద్రమే తప్ప నేల కనపడదు, సెలవు అంత దొరకదు, ఇవన్నీ చాలామందికి అడ్డు కాబట్టి రాత్రి లెక్కన చూస్తే ఎంతో తక్కువకి వస్తుంది. ఒకే ఇబ్బంది, ఎక్కిన ఊళ్లో దిగరు, ఒకవైపు విమానం టికెట్ కొనాలి, అది అందరికీ చవకగా దొరకదు. దాన్ని కూడా కలిపాకే నిర్ణయించుకోండి. నిశ్శబ్దంగా పుస్తకాలు చదువుకునేవాళ్లకి, రిటైర్ అయినవాళ్లకి, ఎక్కడి నుంచైనా పనిచేయగలిగేవాళ్లకి దీన్ని మించినది లేదని నా నమ్మకం.

దారి విషయంలో ఒక పాత చట్టం కూడా మన జేబుని తాకుతుంది. అమెరికాలో 1886 నాటి ప్యాసింజర్ వెసల్ సర్వీసెస్ యాక్ట్ ప్రకారం విదేశీ జెండా ఉన్న ఓడ విదేశీ రేవు ఏదీ తాకకుండా అమెరికా రేవుల మధ్య ప్రయాణికులని చేరవేయకూడదు. పెద్ద క్రూజ్ షిప్‌లన్నీ దాదాపు విదేశీ జెండాలవే. అందుకే సియాటిల్ నుంచి అలాస్కా వెళ్లే షిప్‌లు చాలావరకు కెనడాలోని విక్టోరియాలో కొన్ని గంటలైనా ఆగుతాయి. హవాయి దీవుల మధ్యే తిరిగే ప్రైడ్ ఆఫ్ అమెరికా అనే షిప్‌కి అమెరికా జెండా ఉంది, దానికి పోటీగా అలాంటి పెద్ద షిప్ ఇంకొకటి లేదు, ధర తగ్గాలంటే పోటీ ఉండాలి కదా. అదే ఫ్లోరిడా రేవుల నుంచి బహామాస్‌కి ప్రతి వారం లెక్కలేనన్ని షిప్‌లు వెళ్తాయి. పోటీ ఎక్కడ ఎక్కువో అక్కడ వెతకండి.

షిప్ వయసు కూడా చూడండి. కొత్త షిప్ వచ్చిన మొదటి ఏడాది రెండేళ్లు దాని ధర ఆకాశంలో ఉంటుంది, అదే కంపెనీ పదిహేనేళ్ల షిప్ అదే దీవులకి అదే రోజుల్లో చాలా తక్కువకి వెళ్తుంది. వాటర్ స్లైడ్లు, పెద్ద థియేటర్లు తక్కువ ఉండొచ్చు. సముద్రం మాత్రం అదే.

క్యాబిన్, ఏజెంట్, ఇంకొన్ని

కిటికీ లేని ఇన్‌సైడ్ క్యాబిన్ అన్నిటికంటే చవక. చీకటిగా ఉంటుందని భయపడతారు గానీ నిద్రకి అంత మంచి గది లేదు, పగలంతా ఎలాగూ డెక్ మీదే ఉంటాం. అలాస్కా లాంటి చోట బాల్కనీకి డబ్బు పెట్టడం నాకు అర్థమవుతుంది, వేడి ప్రాంతాల్లో అంత అవసరం లేదు. గ్యారంటీ క్యాబిన్ అని ఇంకో రకం ఉంటుంది: రకం మనం ఎంచుకుంటాం, నంబర్ మాత్రం కంపెనీ ఇస్తుంది. అందుకు ధర తగ్గిస్తారు. డాన్స్ ఫ్లోర్ కిందో, మరీ ముందువైపో రావచ్చు. నిద్ర తేలికగా చెడిపోయేవాళ్లు, సముద్రం పడనివాళ్లు కాస్త ఎక్కువ పెట్టి మధ్యలో, కింది అంతస్తుల్లో క్యాబిన్ తీసుకోవడమే మంచిది. మూడో, నాలుగో మనిషికి టికెట్ బాగా తక్కువ ఉంటుంది, "పిల్లలు ఫ్రీ" అని కూడా చూస్తారు, కానీ పన్నులు, టిప్స్ వాళ్లకీ వర్తిస్తాయి.

ట్రావెల్ ఏజెంట్ అంటే అదనపు ఖర్చు అనుకోకండి. వాళ్లకి కమీషన్ ఇచ్చేది క్రూజ్ కంపెనీ, ఎక్కువమంది మన దగ్గర విడిగా ఏమీ తీసుకోరు. ముందే గుంపుగా క్యాబిన్లు తీసిపెట్టుకున్న ఏజెంట్ దగ్గర సైట్‌లో కంటే తక్కువ ధర దొరుకుతుంది, లేదా కొంత క్రెడిట్ ఇస్తారు. ధర తగ్గితే గమనించి మార్పిస్తారా అని బుక్ చేసే ముందే అడగండి. అవునని వెంటనే చెప్పే ఏజెంట్‌ని వదులుకోవద్దు. అయితే ఒకసారి ఏజెంట్ ద్వారా బుక్ చేశాక మార్పులన్నీ వాళ్ల ద్వారానే జరగాలి, కంపెనీ మీతో నేరుగా మాట్లాడదు, కాబట్టి ఫోన్ ఎత్తని ఏజెంట్ దొరికితే కష్టం.

ఊళ్లలో టూర్లు షిప్ ద్వారా కాకుండా బయట తీసుకుంటే చాలా తక్కువకి వస్తాయి. ఒకటే తేడా, షిప్ టూర్ ఆలస్యమైతే షిప్ ఆగుతుంది, మీరు సొంతంగా వెళ్లి ఆలస్యమైతే ఆగదు, తర్వాతి రేవుకి మీ ఖర్చుతో చేరుకోవాలి. రేవుకి దగ్గరలో తిరగడానికి సొంతంగా వెళ్లండి, గంటల తరబడి దూరం పోవాలంటే షిప్ టూర్ తీసుకోండి. రేవు ఉన్న ఊరికి బయల్దేరే రోజు పొద్దున విమానంలో దిగాలని ప్లాన్ చేయకండి, ఆ టెన్షన్ వద్దు, ముందు రోజే చేరండి. ఆ హోటల్ ఖర్చు మొదటి లెక్కలోనే ఉండాలి. ఇన్సూరెన్స్ కూడా అంతే, షిప్‌లో డాక్టర్ ఫీజు ఎక్కువ, సముద్రం మధ్య నుంచి ఆసుపత్రికి తరలించాల్సి వస్తే ఆ ఖర్చు ఎవరూ భరించలేనిది. కంపెనీ అమ్మేదాన్ని బయట దొరికేవాటితో పోల్చి తీసుకోండి, వైద్యానికి, తరలింపుకి ఎంతదాకా ఇస్తారన్నదే ముఖ్యంగా చూడండి.

ఎక్కగానే ఫోన్ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి. షిప్‌లకి సొంత సెల్ నెట్‌వర్క్ ఉంటుంది, ఫోన్ దానికి అంటుకుందంటే సాధారణ రోమింగ్ ప్యాక్ వర్తించదు, చార్జీలు వాచిపోతాయి. ఇక రోజూ షిప్ యాప్‌లో మీ ఖాతా ఒకసారి చూసుకోండి. మీరు తాగని డ్రింకో, రద్దు చేసిన టూరో అందులో కనిపిస్తే ఆ రోజే కౌంటర్ దగ్గరికి వెళ్లి అడగండి. చివరి రాత్రి అయితే అందరూ అక్కడే క్యూ కడతారు. దిగి ఇంటికొచ్చాక అదే పది డాలర్ల కోసం ఈమెయిల్స్ రాస్తూ కూర్చోవాలి.